చౌకగా వచ్చింది

"అదెక్కడికి తీసుకెళ్తున్నావురా?" అని కేకేశాడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే బావ.

గుమ్మం దాటబోతున్న బావమరిది ఆగాడు. అతని చంకలో యుకులేలే ఉంది. చూడ్డానికి గిటారుకి పుట్టిన పిల్లలా ఉండే నాలుగు తీగల వాయిద్యం. కేసు లేదు, కనీసం గుడ్డయినా చుట్టలేదు.

"పడవ మీదికి బావా. ఆఫీసు వాళ్ళందరం నదిలోకి షికారెళ్తున్నాం. మొన్న నా యుకులేలే మెడ విరిగింది. అక్క నీది తీసుకెళ్ళమంది."

"నీళ్ళ మీదికా!"

"చౌకదేగా," అంది కుట్టుమిషను ముందు కూర్చున్న భార్య. సూదిలోకి దారం ఎక్కిస్తూ తలైనా ఎత్తలేదు. "పిల్లలు ఆడుకునే రకం, ఊరికే వచ్చినట్టే అని మీరేగా అన్నారు?"

కళ్ళజోళ్ళాయన అలా అన్న మాట నిజమే, అన్నది మాత్రం పచ్చి అబద్ధం. బోనస్ మొత్తం పోసి కొన్నాడు దాన్ని. ఇంట్లోనేమో ఈ ఏడాది షాపువాళ్ళు బోనస్ ఎగ్గొట్టారని చెప్పాడు. కొత్త మిషను కోసం ఆ బోనస్ మీదే ఆశ పెట్టుకున్న మహా ఇల్లాలు, సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వచ్చిందని ఒకటి తెచ్చుకుని సర్దుకుంది. పల్లెత్తు మాట అనలేదు.

"దాని తీగలు బాగోలేవురా. తెగిపోతాయి."

"తెగితే కొత్తవి వేయిస్తాలే."

"శ్రుతి కూడా నిలవదు."

"మావాళ్ళకి శ్రుతంటూ ఉంటే కదా బావా, తప్పడానికి!" బావమరిది యుకులేలేని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. కళ్ళజోళ్ళాయన ప్రాణం కూడా దాంతోపాటే పైకి లేచి కిందికొచ్చింది.

కూర్చున్నాడు. కూర్చోలేక లేచాడు. కిటికీ దాకా వెళ్ళి ఏమీ చూడకుండానే వెనక్కొచ్చాడు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మొగుణ్ణి భార్య ఓరకంట చూసి, మళ్ళీ గుడ్డ మీదికి వంగింది.

"నీకు కొత్తది కొనిస్తానురా, ఇప్పుడే పోదాం పద!"

"ఓ చౌకది ఇవ్వలేక ఇంకోటి కొంటారా? ఎవరైనా వింటే నవ్విపోతారు," అంది భార్య.

"కొత్తదెందుకు బావా? చౌకదాంట్లో ఉన్న సుఖం నీకు తెలీదు. మా బాసు దగ్గర ఒకటుంది, బోలెడు పోసి కొన్నాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వడు, ఎండ తగలనివ్వడు. పోనీ తనైనా వాయిస్తాడా అంటే అదీ లేదు. జ్వరమొచ్చిన పసిపిల్లని చూసినట్టు రోజూ కేసు తెరిచి చెయ్యేసి చూసుకోవడమే! నేనైతే వానలో వాయించా, బస్సులో వాయించా. పక్కింటి పాప దాన్ని బొమ్మకి మంచం చేసింది. అదీ దర్జా అంటే!"

రోజూ కేసు తెరిచి చెయ్యేసి చూసుకునే బాపతే కళ్ళజోళ్ళాయన కూడా.

అంతలో గోడ మీద దోమ వాలింది. బావమరిది యుకులేలే వీపుతో ఫట్‌మని ఒకటిచ్చాడు.

"చచ్చింది బావా!"

"ఏదిరా? దోమా, యుకులేలేనా?"

బావమరిది నవ్వుకుంటూ బయటికెళ్ళి, స్కూటరు మీద కాళ్ళ దగ్గర కారుతున్న ఐసుపెట్టెకి ఆనించి యుకులేలేని దూర్చాడు. బండి స్టార్ట్ చేశాడు.

ఇక తట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తి హ్యాండిల్ పట్టేసుకున్నాడు.

"ఆపరా! అది చౌకది కాదు! నా బోనస్సంతా అందులోనే ఉంది!"

ఎదురింటావిడ మొక్కలకి నీళ్ళు పోయడం ఆపి మరీ చూసింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. అయినా యుకులేలేని లాక్కుని, తడి తుడిచి, గుండెకి హత్తుకున్నాడు.

"తప్పే. నీ మిషను డబ్బులు నేనే మింగాను. తిట్టు, పడతాను. కానీ ముందిది విను." తీగలు మీటాడు. "విన్నావా ఆ తియ్యదనం? ఎక్కడో దీవుల్లో పెరిగిన చెట్టు చెక్క! చౌకవాటికి చచ్చినా రాదీ నాదం. పొద్దస్తమానం ఫ్రేములు అమ్మేవాణ్ణి, ఖరీదైనదేదో కానిదేదో నాకు తెలీదా? కళ్ళు మూసుకుని చెప్పేస్తాను."

"నిజమే బావా, ఏదో తేడా ఉంది," అన్నాడు బావమరిది నోరు తెరిచి.

భార్య ఎంత ఆపుకుందామన్నా నవ్వాగలేదు.

"మీరు తెచ్చిన మర్నాడు వాయిద్యాల షాపాయన ఫోన్ చేశాడండీ. మీరేమో ఫోన్ ఇంట్లో మర్చిపోయి వెళ్ళారు. అంత ఖరీదైనది కొన్నారు, భుజానికి తగిలించుకునే పట్టీ వదిలేసి వెళ్ళారు, వచ్చి తీసుకోండి అన్నాడు. వెళ్ళాను. దాన్ని కూడా పట్టుకునే వెళ్ళాను. అదే రంగులో, అదే సైజులో, ఆ షాపు మొత్తానికి చౌకదేదో అది ఇమ్మని, మిగతా డబ్బు వెనక్కి తీసుకున్నాను. ఆ చౌకదే మీ కేసులో పెట్టాను. ఇప్పుడు మీరు వాయించిందీ అదే."

కళ్ళజోళ్ళాయన చేతిలోనిదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎంత చూసినా అది మొన్నటిలాగే ఉంది.

"మరి... ఆ డబ్బు?"

ఆమె గుమ్మంలోంచి పక్కకి జరిగి, లోపల మెరుస్తున్న కుట్టుమిషను చూపించింది.

"సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వచ్చిందని నేనూ చెప్పానుగా!"