తీసేయాల్సిన పేరు

"నా పేరు తీసేసి ఎక్స్ అని పెట్టినారా? మా బడిలో లెక్క తప్పితే అయ్యవారు పెట్టేది గదా మేడమ్ అది!"

కదిరమ్మ మాటకు వరూధిని నవ్వింది. వరూధిని లా కాలేజీలో పాఠాలు చెబుతుంది. పత్రికలు మనుషుల సొంత సంగతుల్లో ఎంతవరకు చొరబడవచ్చు అనే విషయం మీద ఒక న్యాయశాస్త్ర పత్రికకు వ్యాసం రాసింది. దానికి ఆధారం కదిరమ్మ గెలిచిన కేసు. ఆమెకు చదివి వినిపించి, ఒప్పుకుంటేనే పంపాలని కాటన్‌పేటలో ఆమె నడిపే మెస్సుకు వచ్చింది. భోజనాల వేళ దాటింది. గల్లా దగ్గర ఒకతను రాత్రికి అరటాకులు తుడిచి పెడుతున్నాడు.

"కోర్టే మీ పేరు దాచమంది కదండీ, మీ ప్రైవసీ కోసం."

"దాచింది చాలు. గెలిచినదాన్ని నేనెందుకు దాక్కోవాల? కదిరమ్మ అనే వేయండి. టీబీ వచ్చిందనీ వేయండి, తగ్గిపోయిందనీ వేయండి. ఆ పేపర్లో రెండోది వేయలేదు. అదీ నా బాధ."

జబ్బు పూర్తిగా నయమై, వంట చేయవచ్చని డాక్టరు చెప్పాకే ఆమె మెస్సు తిరిగి తెరిచింది. అయినా ఒక తెలుగు పత్రిక 'క్షయ రోగి చేతి వంట' అని ఫోటోతో సహా వేసింది. మర్నాటినుంచి మెస్సులోకి ఈగలు తప్ప ఎవరూ రాలేదు. తప్పు పత్రికదేనని కోర్టు తేల్చి, ఆ వార్తను నెట్‌లోంచి తీయించింది.

వరూధిని చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఉన్నది ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతోంది. "ఈ వార్త రాసిన విలేకరి సుధీర్..."

"ఆ పేరు తీసేయండి" అంది కదిరమ్మ.

"తీర్పులో పత్రిక పేరొక్కటే ఉందండీ. ఈ పేరు ఇంకెక్కడా దొరక్క లైబ్రరీలో పాత పేపర్ల కట్టలన్నీ తిరగేశాను."

"ఇంకెక్కడా లేదంటిరి గదా. అందుకే తీసేయమంటా ఉండాను."

గల్లా దగ్గరతను తలెత్తాడు. "తీయొద్దు మేడమ్. పెద్ద అక్షరాలతో వేయండి. ఒకరి అన్నంలో మన్ను పోసినవాడు వాడు."

"నువ్వుండప్పా."

"ఎందుకుండాలి? డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది. అది కూడా చేయలేదు వాడు."

వరూధినికి మద్దతు దొరికింది. "చూడండి, మీవాళ్ళే అంటున్నారు. తమ్ముడా?"

"తమ్ముడికంటే ఎక్కువ. కేసు గెలిచినా ఎవరూ గడప తొక్కలేదు మేడమ్. మొదట వచ్చింది ఈయప్పే. వాకిట్లో బెంచీ ఏసుకోని, రోడ్డున పోయేవాళ్ళకంతా కనబడేటట్ల దినమూ రెండు పూటలా తిన్నాడు. ఇంత తిన్నా బతికే ఉండాడే అని తక్కినోళ్ళూ వచ్చినారు."

"ఆకలేసి తిన్నాను. అదొక గొప్పా?" అన్నాడతను విసుగ్గా.

వరూధిని కాగితాలు సర్దుకుంది. "కదిరమ్మగారూ, మీ జబ్బు మీ సొంతం. వార్త రాయడం అతని వృత్తి. వృత్తిలో చేసిన పనికి జవాబు చెప్పాలి. అది దాచే హక్కు అతనికి లేదు."

"నిజమే మేడమ్. నేనూ వాణ్ణి తిట్టని తిట్టు లేదు. పేపరోళ్ళు వాణ్ణి పనిలోంచి తీసేసినారు. మళ్ళా ఎవరూ రానియ్యలేదు. ఇప్పుడు ఊరి చివర హూడిలో ఎవరో చిన్న పేపరు పెడతా సోమవారం రమ్మన్నారంట. జరిగిందంతా వాళ్ళకు చెప్పుకున్నాడంట. సరే, నెట్‌లో మాత్రం ఈ గొడవలో నీ పేరు కనబడకూడదు అన్నారంట. మీది నెట్‌లో పడితే ఆ వాకిలి మూసుకుంటాది."

"ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"మెస్సు గదా మేడమ్. అన్నంతో పాటు అన్నీ వస్తాయి."

"మూసుకుంటే మూసుకోనీ" అన్నాడు గల్లా దగ్గరతను. "పైన తీసినా కింద ఫుట్‌నోట్‌లో బైలైన్ ఇవ్వాల్సిందే కదా మేడమ్? వేసేయండి."

"అవును, అది మా పద్ధతి. వార్త ఎవరు రాశారో చెప్పకపోతే వ్యాసం తిప్పి పంపినా పంపుతారు."

కదిరమ్మ లేచింది. "అయితే నాదీ వద్దు. నా పేరూ వద్దు, నా మాటా వద్దు. ఏదీ వేయొద్దండి."

కదిరమ్మ మాటలు లేకపోతే వ్యాసంలో మిగిలేది పాత తీర్పుల చిట్టా. ఏం చెప్పి ఒప్పించాలా అని వరూధిని చివరి పేజీ తిప్పింది. తను రాసిన ఆఖరి వాక్యం కనబడింది. ఒకసారి అచ్చయిన మాట మనిషిని బతికినంత కాలం వెంటాడకూడదు. రాసేటప్పుడు ఆ మనిషి కదిరమ్మే అనుకుంది.

వరూధిని పెన్ను తీసింది. పైన సుధీర్ పేరు కొట్టేసింది. కింద ఫుట్‌నోట్‌లోనూ కొట్టేసి, 'ఈ పేరు నేనే దాచాను' అని పక్కన రాసింది.

"ఎడిటర్ గొడవ చేస్తారేమో మేడమ్" అన్నాడు గల్లా దగ్గరతను.

"చేస్తారు. వాదించడం నా ఉద్యోగమేగా."

"తప్పు చేస్తున్నారు" అన్నాడతను. తుడిచిన ఆకునే మళ్ళీ తుడుస్తున్నాడు.

కదిరమ్మ ముఖం విప్పారింది. "ఇప్పుడు నా పేరు గట్టిగా వేయండి. మెస్సు ఎక్కడుండాదో కూడా వేయండి, జడ్జీలు కూడా వస్తారు!"

నవ్వుకుంటూ వరూధిని ఆటో ఎక్కింది. అది మలుపు తిరిగేదాకా చూసి కదిరమ్మ లోపలికి వచ్చింది. గల్లా దగ్గరతను తల ఎత్తలేదు. ఆమె అతని చేతిలోంచి ఆకు లాక్కుంది.

"సుధీరప్పా, సోమవారానికి మంచి చొక్కా ఉండాదా?"