రేవు కింద చిటికెలు

“మీరమ్మిన నీటి మైకు పాడైంది, వెనక్కి తీసుకోండి!” అంది టీచరమ్మ, మైకుల కొట్టాయనను రేవు మెట్ల దాకా లాక్కొచ్చి. “నీళ్లలో దింపితే చాలు, ఒకటే చిటపట. చేపల చప్పుళ్లు వినిపిస్తానని పిల్లలకి మాటిచ్చాను. రేపే వస్తున్నారు.”

అమ్మిన సరుకు వెనక్కొస్తే కొట్టు పరువు గుమ్మం దిగినట్టేనని ఆయన లెక్క. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మైకును బకెట్ నీళ్లలో ముంచాడు. చప్పుడు లేదు. సముద్రంలోకి దింపాడు. నిప్పుల్లో ఉప్పు వేసినట్టు చిటపటలాడింది.

“చూశారా?”

“ఆగండమ్మా. పాడైన సరుకు ఎక్కడైనా ఒకేలా ఏడుస్తుంది. ఇది చోటును బట్టి మాట మారుస్తోంది.”

వైరు పట్టుకుని మైకును అటూ ఇటూ జరిపాడు. రేవు స్తంభం దగ్గర గోల పెరిగింది, దూరం జరిపితే తగ్గింది.

“చప్పుడు మైకులోది కాదు తల్లీ. ఆ స్తంభం కింద ఎవరో కాపురముంటున్నారు.”

టీచరమ్మ హెడ్‌ఫోన్స్ లాక్కుని వింది. వెంటనే నుదురు కొట్టుకుంది.

“నా బుర్ర మండ! రొయ్యలండీ! వేలెడంత లేని రొయ్యలు పీతకున్నట్టి పెద్ద కొండితో చిటికెలు వేస్తాయని పాఠం చెప్పిందే నేను!”

“వేలెడంత లేకుండానే ఇంత గోలా? అవి కొట్టు పెడితే మేం మూసుకోవాల్సిందే!”

నవ్వుతూ మైకు కోసం ఆమె చెయ్యి చాపింది. ఆయన అప్పటికే ఆమె దగ్గర్నుంచి హెడ్‌ఫోన్స్ తీసుకుని మళ్లీ పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

“ఇరవై ఏళ్లుగా మైకులు అమ్ముతున్నాను గానీ, కూర్చుని ఒక్కటీ విన్నది లేదమ్మా. రేపు పిల్లల వరసలో నాకూ ఓ చోటు ఉంచండి.”