గొంతు మీద హక్కు

"ఈ నాలుగో షరతు తీసేస్తే గానీ అమ్మ సంతకం పెట్టదు," అంది కూతురు కాగితాల మీద వేలు పెట్టి.

స్టూడియో మేనేజరు మెడలో హెడ్‌ఫోన్స్ సర్దుకుంటూ నిట్టూర్చాడు. "అందరూ దీని మీదే సంతకం పెట్టి వెళ్తున్నారు మేడమ్. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు."

"చదివి ఉండరు. రికార్డు చేసిన గొంతు మీద, దాంతో తయారయ్యే ప్రతి మాట మీద సర్వహక్కులూ కంపెనీవేనట. అంటే రేపు మా అమ్మ గొంతుతో మీరు సబ్బులమ్ముకున్నా మేం నోరెత్తకూడదు."

"అమ్ముకోనీవే," అంది తల్లి అద్దాల గదిలోంచి బొంగురుగా. "నా మాట విని ఒక్కరైనా స్నానం చేస్తే అంతకన్నా ఏం కావాలి?"

"నువ్వుండమ్మా. నన్ను చదవనీ."

తెల్లవారితే తల్లికి ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత ఆమె ఏం చెప్పాలనుకున్నా టైపు చేస్తే యంత్రం పలుకుతుంది. ముందుగా గొంతు రికార్డు చేసి ఇస్తే అచ్చం ఆమెలాగే పలుకుతుంది. లేదంటే ఎవరిదో అరువు గొంతు. "అరువు గొంతుతో పిలిస్తే మనవరాలు నా దగ్గరికొస్తుందా?" అని తల్లి పట్టుబట్టింది. ఇప్పటికే మాట ఉండి ఉండి తెగిపోతోంది.

కూతురిది ఒక కంపెనీలో ఒప్పందాలు చదివి తిరకాసులు పట్టే ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఆమెను భూతద్దం అంటారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల మురిపెం.

ఆమె చదువుతుండగా మేనేజరు తల్లిని మైకు ముందు కూర్చోబెట్టాడు. "శబ్దం సరిచూసుకోవాలి అమ్మగారూ, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

ఆ మాట ఆమెకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. కూతురు చిన్నప్పుడు చొక్కా గుండీ మింగి ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టించిన వైనంతో మొదలుపెట్టి, అల్లుడి గురక దాకా వచ్చింది. మేనేజరు కడుపు పట్టుకుని నవ్వాడు.

కూతురు తలెత్తింది. గోడ మీద ఎర్రలైటు వెలుగుతోంది. "ఇదేంటి, రికార్డవుతోందా?"

"పరీక్షకే మేడమ్."

"సంతకం కాకముందు తీసింది ఎవరి సొత్తవుతుంది? దానికీ ఒక షరతు రాయండి. ముందు తీసిందంతా చెరిపెయ్యాలి. చెరిపేశాకే సంతకం."

మేనేజరు రాసుకుని పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. అక్కడివాళ్ళు ఒక మాట తీసేసి ఇంకో మాట ఇరికించారు. కూతురు దాన్నీ పట్టుకుంది. "శాశ్వతంగా" అన్న మాట మీద ఒక యుద్ధం, "అనుకరణలతో సహా" అన్న మాట మీద ఇంకో యుద్ధం.

"అయిందా?" అంది తల్లి దగ్గుతూ. "నన్ను కట్టుకునే ముందు మీ నాన్న కూడా ఇన్ని ఆరాలు తియ్యలేదే."

"నీళ్ళు తాగు. మాట్లాడకు, గొంతు దాచుకో."

మధ్యాహ్నం దాటింది. తల్లి ఈసారి మాట్లాడలేదు, అద్దం మీద వేలితో తట్టింది. కూతురు కాగితంలోంచి తల తిప్పకుండానే ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.

పొద్దువాలుతుండగా పై ఆఫీసు దిగొచ్చింది. కొత్త కాగితాలు వచ్చాయి. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది కూతురు. వెతికినా వంక దొరకలేదు. ఇంత శుభ్రమైన ఒప్పందం ఆమె ఉద్యోగంలోనే చూడలేదు.

"గెలిచామమ్మా! నీ గొంతు ఇక నీదే. ఎవడూ వేలేసి తాకలేడు."

తల్లి ఆమె బుగ్గ నిమిరి సంతకం పెట్టింది. మైకు ముందు కూర్చుంది. ఎర్రలైటు వెలిగింది. మేనేజరు చెయ్యి ఊపాడు.

తల్లి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

నీళ్ళు తాగి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, మనవరాలి పేరు పలకబోయింది. మళ్ళీ గాలే. ఏదో తప్పు చేసినదానిలా కూతురి వంక చూసింది.

కూతురు మేనేజరు చెయ్యి పట్టేసుకుంది. "పొద్దున మాట్లాడింది ఉందిగా! ఆ గుండీ కథ, ఆ గురక... అది సరిపోదా?"

"ఎందుకు సరిపోదు మేడమ్, దివ్యంగా సరిపోయేది," అన్నాడు మేనేజరు తలదించుకుని. "చెరిపేశాకే సంతకం అన్నారు కదా."