రెండు పొయ్యిల నడుమ

"నా కర్కదే ఏది?"

పొడుగాటి తెల్లటి పండుగ అంగీలో వంటగది గుమ్మం దగ్గర నిలబడి, తనకొచ్చిన హిందీలో అడిగాడు ఇద్రీస్. సూడాన్ మనిషి, సైటులో ఫోర్‌మన్. దుబాయ్ దగ్గరి సజ్జా లేబర్ క్యాంపులో లచ్చన్న గదికి ఎదురు గది అతనిది. ఈద్ నమాజు చేసుకుని ఇప్పుడే వచ్చాడు.

లచ్చన్న చేతిలో గరిటె ఆగిపోయింది. "కర్కదే అంటే ఏంది భాయ్?"

"ఎర్రపూలు! అల్లం, దాల్చినచెక్క, లవంగాలు వేసి పొద్దున్నే ఇక్కడ నానబెట్టి పోయాను. పండుగ షర్బత్. మధ్యాహ్నం మావాళ్ళు వస్తారు. అది లేకపోతే మాకు పండుగే కాదు."

లచ్చన్న పొయ్యి మీదికి చూశాడు. పూలు అక్కడే ఉన్నాయి. కందిపప్పుతో, పచ్చిమిరపకాయలతో కలిసి కుతకుత ఉడుకుతున్నాయి. పైన వెల్లుల్లి పోపు కూడా పడింది.

"గవి పుంటిపూలు గాదా?" అన్నాడు నీరసంగా.

ఆయన తప్పేం లేదు. వాళ్ళ జగిత్యాల దిక్కు గోంగూరను పుంటికూర అంటారు. ఆ చెట్టు ఎర్రపూలను పప్పులో వేసుకుంటారు. వాటిని చక్కెర కలుపుకుని తాగేవాళ్ళు కూడా ఉంటారని ఆయనకెవరు చెప్పారు? లవంగాలు, దాల్చినచెక్క కనబడ్డా అనుమానం రాలేదు, ఏరి పారేశాడు. నానబెట్టింది తన గదిలో ఉండే అంజే అనుకున్నాడు. అంజి చాయ్‌లో కూడా లవంగం వేసే రకం మరి.

అసలు సంగతంతా ఆ అంజితోనే. ఇద్దరిదీ ఒకే ఊరు, ఇక్కడ ఒకే గది. సైటులో అంజి కాలికి దెబ్బ తగిలింది. ఇంట్లో చెప్పొద్దని బతిమాలినా, లచ్చన్న నోరాగక ఫోన్లో వాడి భార్య లావణ్యకు చెప్పేశాడు. అక్కడ ఆమె ఏడుపు, ఇక్కడ వీడి కోపం. ఆ రోజే అంజి పొయ్యి వేరు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ పక్కపక్కనే రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి, మాట మాత్రం లేదు. అదే లచ్చన్నకు తిన్నది ఒంటబట్టనివ్వడం లేదు.

ఈ పొద్దున వంటగదిలోకి వచ్చేసరికి రెండు పొయ్యిలకు నడుమ, గట్టు మీద, నానిన పూల గిన్నె. పక్కనే చిప్పలో ఒలిచిన వెల్లుల్లి. పుంటిపూల పప్పంటే లచ్చన్నకు ప్రాణమని దుబాయ్ మొత్తంలో తెలిసింది అంజి ఒక్కడికే. పోరడు దారికొచ్చిండు, నోటితో చెప్పలేక గిన్నెతో చెప్పిండు అనుకుని సంబరంగా వండేశాడు. రెండు పళ్ళేలు కూడా కడిగిపెట్టాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

కేకలు విని అంజి వచ్చాడు. లచ్చన్న వైపు చూడలేదు.

"పూలు నీవా భాయ్?" అని ఇద్రీస్‌ని అడిగాడు.

"మరెవరివి?"

అంజి ముఖం ఎందుకో చిన్నబోయింది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లచ్చన్న ఒక పళ్ళెం తీసి మెల్లగా అరలోపల పెట్టేశాడు. పెడుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇద్రీస్ పప్పులో గరిటె ముంచి చప్పరించాడు. "వల్లా, బాగుంది! కానీ చుట్టాలకు గ్లాసుల్లో పోసివ్వలేను కదా!" అని పెద్దగా నవ్వాడు. "గదిలో ఇంకో పొట్లం ఉంది. నాననిచ్చే టైము లేదు, మరిగిద్దాం. యల్లా, తొందరగా అల్లం దంచు."

బతుకు జీవుడా అని లచ్చన్న అల్లం దంచాడు. పూలు పడగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. దాల్చినచెక్క వాసన వంటగదంతా నిండింది. వడగట్టి, చక్కెర కలిపి, ఐసు వేసి ఇద్రీస్ మొదటి గ్లాసు లచ్చన్నకే ఇచ్చాడు. పుల్లపుల్లగా, తియ్యగా, కొంచెం ఘాటుగా గొంతు దిగింది.

"మా పుంటికూర పండుగకు గిట్ల గూడ తయారైతదని తెల్వదు భాయ్," అన్నాడు. ఎంతైనా పరాయి సొత్తు ముట్టానన్న బాధ పోలేదు. మిగిలిన వెల్లుల్లి చిప్ప తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "ఇగో, నీ ఎల్లిపాయ. సగం వాడిన, మాఫ్ చెయ్."

ఇద్రీస్ చిప్పలోకి చూసి ముక్కు చిట్లించాడు. "షర్బత్‌లో వెల్లుల్లి ఎవడైనా వేస్తాడా? ఇది నాది కాదు."

లచ్చన్న వెనక్కి తిరిగాడు. అంజి అర తలుపు తీసి, లోపల పెట్టిన పళ్ళేన్ని బయటికి తీస్తున్నాడు.

"గది నేనే ఒలిచిన, అన్నా," అన్నాడు. "పూలు నువ్వు నానవెట్టినవనుకున్న."