లేని పిల్లి

పెద్దదాన్ని బట్టల మిల్లులో చేర్పించిన మహాతల్లి, చీకటి పడ్డాక చిన్నదాని కోసం వచ్చింది. ఒంటినిండా అత్తరు, నోటినిండా వదినా. వీధిలో ఆమె మనుషులు కూర్చున్న వ్యాను ఇంజను ఆగకుండా గురగురమంటోంది.

"మీ పెద్దదాని నోటే వినండి వదినా," అంటూ ఫోను స్పీకరులో పెట్టింది.

"ఇక్కడ బాగుందమ్మా. చెల్లినీ పంపు," అంది నా కూతురు, పాఠం అప్పజెప్పినట్టు. ఆ వెంటనే, "పిల్లి అన్నం తిందా?"

మా ఇంట్లో ఏనాడూ పిల్లి లేదు. నోరు విప్పలేని చోట చిక్కుకుంటే పిల్లి గురించి అడగమని, వెళ్లేనాడు నేనే చెప్పాను. నీకు ప్రతి తాడూ పామేనని మా ఆయన నవ్వాడు.

నేను బదులిచ్చేలోపే ఆ మహాతల్లి ఫోను మీదికి వంగింది. "ఇప్పుడే పాలు తాగి నా ఒళ్లో పడుకుందే, బంగారం."

లేని పిల్లిని ఒళ్లో పడుకోబెట్టుకున్న మనిషికి ఉన్న ఆడపిల్లలొక లెక్కా?

అటునుంచి ఒక్క వెక్కు వినబడి ఫోను తెగిపోయింది. నేను చిన్నదాన్ని వంటింట్లోకి నెట్టి, వీధి తలుపు గడియ వేశాను.

"కూర్చో వదినా. పెద్దది ఎక్కడుందో చెప్పేదాకా నువ్వు కదలవు."

ఆమె నవ్వు చెరగలేదు. బయట వ్యాను ఇంజను ఆగింది.