ముందు జామా, మీగడా?

ఆసుపత్రి నుంచి రెడ్వర్స్ నేరుగా టీ దుకాణానికి వచ్చాడు. అతని భార్య లవ్‌డే అప్పటికే టీ, స్కోన్లనే వేడి వేడి చిన్న రొట్టెలు తెప్పించి ఎదురుచూస్తోంది.

“డాక్టరు ఏమన్నాడు?”

“ఏముంది, వయసు మీద పడిందన్నాడు. చల్లారిపోతున్నాయి, తిను.”

ఆమె స్కోన్‌ని రెండుగా విరిచి జామ్ పూసి, దాని మీద మీగడ పెట్టుకుంది. “ఊఁ, నువ్వూ కానీ. మీ డెవన్ వాళ్ళలాగే ముందు మీగడ పులిమి, పైన జామ్ పోసి పాడుచెయ్యి.”

ముప్పై ఏడేళ్ళుగా ఈ మాట అన్నప్పుడల్లా అతను ఊరుకున్నది లేదు. “వెన్న పూయకుండా రొట్టెకి జామ్ పూస్తారుటే ఎవరైనా? మీ కార్న్‌వాల్ వాళ్ళు తప్ప!” అని లేచేవాడు.

ఇవాళ మాత్రం నవ్వి, ముందు జామ్ పూసుకున్నాడు. “నువ్వన్నదే నిజం. ఇలాగే బావుంది.”

లవ్‌డే చాకు పక్కన పెట్టేసింది.

“ఎన్నాళ్ళన్నాడు?”

“క్రిస్మస్ దాకా కష్టమట.”

“ఆ జామ్ గీకెయ్. మీగడే ముందు పూసుకో. నాతో పోట్లాడు, రెడ్వర్స్!”

“ఓపిక లేదే,” అన్నాడతను.