ఆసుపత్రి తూము

మూడేళ్లుగా జాడలేని కలరా ఆ ఉదయం చేపలదిబ్బ పేట మురుగుకాలువలో మళ్లీ కనిపించింది. కాలువలో క్రిముల్ని పసిగట్టే యంత్రం కూసిన క్షణంలోనే కబురు ఢిల్లీకీ, అక్కణ్ణుంచి రోగాలకు డబ్బిచ్చే ప్రపంచ నిధికీ చేరిపోయింది. నిజమో కాదో తేల్చాల్సింది ఆరోగ్య కార్యకర్త వరహాలమ్మ. మధ్యాహ్నంలోగా ఆమె నిజమేనని చెబితే పేట చుట్టూ కంచె పడుతుంది, రాకపోకలు ఆగిపోతాయి. నెలలు నిండిన ఆమె కూతురు లోపలే ఉంది.

ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరికీ విరేచనాలు లేవు.

"నీ మిషనుకే కడుపు సెడిందేమో సూడే!" అంది చేపలు ఎండబెడుతున్న ఎర్రమ్మ.

వరహాలమ్మకు నవ్వు రాలేదు. యంత్రం కూసింది సరిగ్గా ఆసుపత్రి తూము దగ్గర. నేరుగా వెళ్లి, మేనమామ వరసయ్యే కాంపౌండరు పైడిరాజును నిలదీసింది.

"మావా, కాలవలో ఏటి పోసినావు?"

అతను తలుపు మూసి కుర్చీలో కూలబడ్డాడు.

"సచ్చిన క్రిములేనమ్మీ, పరీక్షలకి దాసినవి. కలరా పోయింది, ఇంక నిధి రాదు, రేపే ఆసుపత్రి ఎత్తేస్తామన్నారు. నీ కూతురికి పురుడెవులు పోస్తారు? రోగముంటేనే ఆళ్లకి మనం కనబడతాం. అందుకే పోసినాను."